మద్రాసు గచ్చు

రమేష్ బాబు ఇరిగేషన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. కనక ఇంటిల్లిపాదీ సరదాగా నాలుగు రోజులు తిరిగొద్దామన్నా దానికి టైపు చేసిన కాగితం ఒకటి ఉండి తీరాలి. మొదటి రోజు రాజమండ్రి నుంచి నరసాపురం బస్సు, సాయంత్రం పేరుపాలెం సముద్రం. రెండో రోజు పంటు మీద గోదావరి దాటి పొన్నలంక మేడ. మూడో రోజు అంతర్వేది, సముద్రస్నానం, లైట్‌హౌసు. నాలుగో రోజు తిరుగు ప్రయాణం. కింద "భోజనాలు ఎక్కడికక్కడ" అని కూడా ఉంది. కాగితం చూసి దేవకుమారి, "సంతకం మర్చిపోయారు" అంది. ఆయన నిజంగానే జేబులోంచి పెన్ను తీశాడు.

పొన్నలంక మేడ ఆ కాగితంలోకి ఊరికే రాలేదు. సినిమా వాళ్ళు అక్కడ షూటింగు చేశాక ఒక పేపరు ఆదివారం సంచికలో దాని గురించి రెండు పేజీలు వేశారు. ఫొటోలో నాలుగు వైపులా మండువా, మధ్యలో ఆకాశం, కింద తళతళలాడే గచ్చు. ఆ పేజీని దేవకుమారి తండ్రి ఏసుపాదం మడతపెట్టి బైబిల్లో దాచుకున్నాడు. ఆయనకి డెబ్భై మూడేళ్ళు. పొన్నలంక ఊరి చివరి పాలెంలో పుట్టి, ఆ తరవాత రాజమండ్రిలో జన్మంతా తాపీపని చేసి, కూతుర్ని టీచరు ట్రైనింగు చదివించి, ఇప్పుడు ఆ కూతురి దగ్గరే ఉంటున్నాడు. పేపర్లో ఏం రాశారో ఆయనకి పట్టలేదు. ఫొటో చూస్తే చాలు. ఆ గచ్చు వేసిన ఏడుగురిలో ఆయనొకడు. మిగిలిన ఆరుగురూ పోయారు.

పేరుపాలెంలో ఎండ తగ్గాక సరుగుడు తోట దాటి ఇసకలోకి దిగారు. మే నెల జనం బాగానే ఉన్నారు. రమేష్ బాబు పంట్లాం మోకాళ్ళ దాకా మడుచుకుని, అలలకి అందకుండా నిలబడి అలల్ని మెచ్చుకుంటున్నాడు. దేవకుమారి మురీల పొట్లం పట్టుకుని కూచుంది. ఏసుపాదం తడి ఇసక దగ్గర గొంతుక్కూచుని మనవరాలు రెబెక్కాకి గచ్చు ఎలా వేస్తారో చేసి చూపిస్తున్నాడు. రెబెక్కాకి పదకొండేళ్ళు. ఏదైనా చెబితే చివరిదాకా వినే పిల్ల. మధ్యలో ప్రశ్నలు మాత్రం తప్పవు.

"ముందు నత్తగుల్లలు కాల్చి సున్నం చేస్తారు. దాన్ని తొట్లో నానేసి, ఇసక కలిపి, ఎడ్ల గానుగలో వెన్నలాగా ఆడించాలి."

"ఎన్నాళ్ళు తాతయ్యా?"

"ఏలితో తీసి పైకెత్తితే జారకుండా నిలిచేదాకా." ఆయన గుప్పెడు ఇసక చదును చేసి అరచేతి పక్కతో టకటకా కొట్టాడు. "ఇప్పుడు కొట్టుడు. చెక్కబల్లలు పట్టుకుని ఏడుగురం వరసలో కూచునేవాళ్ళం. కరక్కాయ నీళ్ళు, బెల్లం నీళ్ళు చల్లుతా కొట్టాలి. ఒకడి బల్ల పైకి లేస్తే పక్కోడి బల్ల కింద పడాలి. పాట తప్పితే దెబ్బ తప్పుద్ది."

"తర్వాత?"

"తర్వాత గుడ్డు తెల్లసొన కలిపిన సన్నసున్నం పూత. దాని మీద గోదారి గులకరాయితో రుద్దుడు. నాకు పడమటి మూల వచ్చింది. మూడో రోజుకి అందులో నా మొహం కనపడింది."

"అద్దంలోలాగా?"

"అద్దం కన్నా నయం. అందులో నల్లగా కనపడేవాణ్ణి కాదు."

రెబెక్కా పకపకా నవ్వింది. దేవకుమారికి ఈ కథ తన చిన్నప్పటినుంచీ తెలుసు. మద్రాసు మేస్త్రీలు వేశారని పేపరు రాసింది గాని, అక్కడినుంచి వచ్చింది ఒక్క మేస్త్రేనట. వచ్చిన నాలుగో నాడు చలిజ్వరం తగిలి రైలెక్కి వెళ్ళిపోయాడట. ఆయన చెప్పింది సగం, తాము తడుముకున్నది సగం పెట్టి పొన్నలంక పాలెంలోని ఏడుగురూ ఐదు నెలలు కూచుని ఆ గచ్చు పూర్తి చేశారు. గృహప్రవేశానికి ముందు రోజు ఇల్లంతా పసుపునీళ్ళతో కడిగించారు. ఏడుగురికీ పెరట్లో గడ్డిమేటు పక్కన విస్తళ్ళు వేసి పప్పు, పులుసు, బూరెలు వడ్డించారు. ఏసుపాదం ఇప్పటికీ ఆ బూరెల గురించి చెబుతాడు.

"మళ్ళీ ఎప్పుడు లోపలికెళ్ళావు?" అని అడిగింది రెబెక్కా.

"ఎల్లలేదమ్మా."

"ఎందుకని?"

"పని అయిపోయింది గదా."

పిల్లకి ఆ జవాబు సరిపోలేదు. దేవకుమారికి ఏనాడూ సరిపోలేదు. తప్పు లెక్క మీద ఎర్రగీత పెట్టకుండా కాగితం తిప్పలేని మనిషి ఆమె. ఇరవయ్యేళ్ళ నుంచి మిషన్ స్కూల్లో అదే పని. రేపు పొన్నలంకలో తన తండ్రి చెప్పులు విప్పి ఆ గచ్చు మీద నడుస్తాడు, పక్కన తన కూతురు చూస్తుంది, ఈ గచ్చు వేసింది ఈయనేనని ఆ ఇంటివాళ్ళు కూడా తెలుసుకుంటారు. ఈ ప్రయాణంలో ఆమెకి కావలసిందల్లా అదే. సముద్రం ఎక్కడికీ పోదు.

మర్నాడు పంటు దాటి, ఆటోలో కొబ్బరితోటల మధ్య నుంచి పొన్నలంక చేరేసరికి తొమ్మిదైంది. ఏసుపాదం ఇస్త్రీ పంచె, తెల్ల లాల్చీ వేసుకున్నాడు. కళ్ళజోడు తుడుచుకున్నాడు. పాలెం వైపు తిరిగే మలుపు దగ్గర ఆటో స్లో అయితే అటు ఒకసారి చూసి ఊరుకున్నాడు. అక్కడ ఆయన వాళ్ళెవరూ మిగల్లేదు.

మేడ యజమాని సత్తిరాజు గారికి యాభై దాటి ఉంటాయి. నిండైన మనిషి. సినిమా వాళ్ళొచ్చి వెళ్ళాక చూడవచ్చేవాళ్ళు ఎక్కువయ్యారు. ఆయనకదో కాలక్షేపం. గేటు దాకా ఎదురొచ్చాడు.

"రండి రండి, ఎండలో పడొచ్చారు. ఎక్కడ్నుంచండీ?"

"రాజమండ్రండి. ఇరిగేషన్‌లో చేస్తానండి, రమేష్ బాబంటారు. మా మిసెస్సండి, టీచరు. మా మావగారు" అన్నాడు రమేష్ బాబు.

"మాస్టారుగారా?" అన్నాడు సత్తిరాజు ఏసుపాదం కళ్ళజోడు, లాల్చీ చూసి. ఎవరూ కాదనేలోపే, "ఆయ్, చూడగానే అనుకున్నానండి. దయచెయ్యండి" అంటూ ముందుకు నడిచాడు.

ఏసుపాదం మెట్ల దగ్గర చెప్పులు విప్పాడు. గడప దగ్గర ఆగాడు. ముందు కుడికాలు లోపల పెట్టి, దాని మీద బరువు వెయ్యకుండా కాసేపు ఉంచి, తరవాత రెండోది పెట్టాడు. దేవకుమారి వెనకనుంచి ఆయన మడమలు చూస్తోంది. ఆ మడమల్లో పగుళ్ళ నిండా నలభయ్యేళ్ళ సున్నం. ఎంత తోమినా పోదు. గంధం రంగు గచ్చు, యాభై ఏళ్ళ పాదాలకి అరగకుండా నున్నగా, చల్లగా ఉంది.

"పెద్దాయన్ని నిలబెట్టేశాం. ఒరే, కుర్చీ తియ్యండ్రా" అని కేకేశాడు సత్తిరాజు. పాలేరు లోపల్నుంచి చేతులున్న టేకు కుర్చీ తెచ్చి మండువా అంచున వేశాడు. "అది మా నాన్నగారిదండి. కూచోండి."

ఏసుపాదం కుర్చీ వంక చూశాడు. కూతురి వంక చూశాడు. పంచె సర్దుకుని కొసన ఒదిగి కూచున్నాడు. అందరికీ కప్పుల్లో కాఫీ వచ్చింది. ఆయన కప్పు రెండు చేతులతో అందుకున్నాడు.

సత్తిరాజు నిలబడే చెప్పాడు. దూలాలు బర్మా టేకట. తలుపుల మీది చిలకలు చెక్కడానికి ఒక్కో తలుపుకీ మూడు నెలలు పట్టిందట. "ఇక ఇదండీ అసలు సంగతి. మద్రాసు గచ్చు. మా నాన్నగారు నలభయ్యారులో మద్రాసు నుంచి మేస్త్రీల్ని దింపించి వేయించారు. ఇరవై మందొచ్చారండి, వంటవాళ్ళతో సహా. పేపర్లో కూడా వేశారు, చూశారా?"

"చూశామండి" అన్నాడు రమేష్ బాబు.

రెబెక్కా తాతయ్య వంక చూసింది. పిల్ల మొహం వెలిగిపోతోంది. ఇప్పుడు చెప్తాడు, ఇప్పుడు చెప్తాడు అన్నట్టుంది.

సత్తిరాజు కుర్చీ వైపు కొంచెం వంగాడు. "మాస్టారూ, మీరు పెద్దవారు, కాలం చూసినవారు. మన ఊళ్ళ పనోళ్ళ చేత అవుద్దంటారా ఇలాంటి పని?"

మండువాలోంచి పడే ఎండలో ఏసుపాదం కళ్ళజోడు మెరిసింది. ఆయన కప్పు జాగ్రత్తగా కింద పెట్టాడు.

"అవ్వదండి" అన్నాడు. "మద్రాసోళ్ళే ఏసుంటారండి."

తండ్రి అంత మర్యాదగా, అంత నింపాదిగా అబద్ధం చెప్పడం దేవకుమారి ఎన్నడూ వినలేదు. తరవాత సత్తిరాజు భోషాణాలు చూపించాడు, పల్లకీ చూపించాడు, సినిమా హీరోయిన్ కూచున్న ఉయ్యాల చూపించాడు. ఆమెకి ఏదీ కంటికి ఆనలేదు. వెళ్ళేటప్పుడు ఆయన ఏసుపాదానికి రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాడు. "మళ్ళీ రండి మాస్టారూ" అన్నాడు. ఏసుపాదం తిరిగి పెట్టిన నమస్కారం చాలాసేపు దించలేదు.

ఆటో దిగి మళ్ళీ పంటెక్కారు. పంటు మీద రెబెక్కా కమ్మీ పట్టుకుని నీళ్ళ వంక చూస్తూ అడిగింది.

"తాతయ్యా, నువ్వు నిజంగా వేశావా?"

"ఏస్తే ఏంటమ్మా, ఎయ్యకపోతే ఏంటి? ఇప్పుడు చూశావుగా, బాగుందా లేదా?"

"నిన్న చెప్పింది అబద్ధమా, ఇవాళ చెప్పింది అబద్ధమా?"

ఆయన నవ్వేశాడు. పిల్ల నవ్వలేదు. అక్కడినుంచి కదిలి వెళ్ళి నాన్న పక్కన నిలబడింది. పుట్టి బుద్ధెరిగాక తాతయ్య పక్క వదిలి ఆ పిల్ల వేరేచోట నిలబడటం దేవకుమారి చూసింది అప్పుడే.

మర్నాడు పొద్దున్న లాడ్జి ఎదురు హోటల్లో ఇడ్లీలు వచ్చాయి. ఏసుపాదం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి ఆమెన్ అన్నాడు. రెబెక్కా ఆమెన్ అనలేదు. తాతయ్య చట్నీ జరిపితే తీసుకోలేదు. దేవకుమారి ఇంక పట్టలేకపోయింది.

"ఎందుకలా అన్నావు నాన్నా? నీ నోటితో నువ్వే! పిల్ల ముందర!"

ఏసుపాదం ఇడ్లీ ముక్క తుంచి సాంబారులో ముంచి అలాగే ఉంచాడు.

"కుర్చీ ఏశారమ్మా" అన్నాడు. "ఆయన తండ్రి కుర్చీ. ఏసి, కూచోబెట్టి, కాఫీ ఇచ్చి, మాస్టారూ అని అడిగితే కాదని ఎలా అంటాను? ఆయన మాట చిన్నబోదూ?"

"మరి నీ మాటో?"

"నాదేముంది. నాకు కావలసింది నేను చూసుకున్నాను."

రమేష్ బాబు కాగితం తీశాడు. "కుమారీ, అయిపోయిందేదో అయిపోయింది. ఇవాళ అంతర్వేది. తొందరగా బయల్దేరితే లైట్‌హౌసు ఎక్కనిస్తారంట."

"దార్లోనే గదండీ పొన్నలంక. పది నిమిషాలు ఆగుదాం. ఆయన మంచాయన. నేను చెప్తాను. చెబితే సంతోషిస్తాడు."

"వొద్దమ్మా" అన్నాడు ఏసుపాదం.

"నీకేం తెలీదు, నువ్వుండు" అంది దేవకుమారి. తర్వాత రోజుల్లో ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆమె నాలుక కరుచుకునేది. తెలియనిది ఎవరికో అప్పటికామెకి తెలియదు.

సత్తిరాజు మళ్ళీ గేటు దాకా వచ్చాడు. ఏదో మర్చిపోయి వచ్చారనుకున్నాడు. నిన్నటి టేకు కుర్చీ మండువా అంచునే ఉంది. "కూచోండి మాస్టారూ" అంటే ఏసుపాదం కూచున్నాడు. దేవకుమారి పిల్లలకి పాఠం చెప్పినట్టు వరసగా, తడుముకోకుండా చెప్పింది. ఏడుగురి పేర్లూ చెప్పింది. చలిజ్వరం, గానుగ, కరక్కాయలు, పడమటి మూల, ఏదీ వదల్లేదు. రెబెక్కా మొదట తలొంచుకుని వింది, తరవాత తలెత్తింది. సత్తిరాజు కనుబొమ్మలు పైకి వెళ్ళాయి. కోపం రాలేదు. పైగా సంబరపడ్డాడు.

"భలే చెప్పారే! మరి నిన్న చెప్పరేంటండీ! ఉండండి, మా అమ్మ చెప్తుంది. అమ్మా, ఇలా ఒకసారి రా!"

బుల్లెమ్మగారికి ఎనభై దాటాయి. వంగిన నడుముతో, చేతికర్ర పొడుచుకుంటూ లోపలి గదిలోంచి వచ్చింది. చెవులు సరిగా వినపడవు, కళ్ళు మాత్రం చురుగ్గా ఉన్నాయి. సత్తిరాజు గట్టిగా చెప్పాడు. ఆవిడ కుర్చీలో మనిషి వంక తేరిపార చూసింది.

"ఎవరూ? పాలెంలో మరియమ్మ కొడుకా? గొడ్లసావిట్లో ఊడ్చే మరియమ్మ?"

"ఆయ్. అవునండి అమ్మగారూ."

ఆ మాట అంటూనే ఏసుపాదం కుర్చీలోంచి లేచిపోయాడు. ఎవరూ లెమ్మనలేదు. ఎవరైనా అనడానికి వ్యవధే లేదు. లేచి, కుర్చీకి రెండడుగుల దూరంగా జరిగి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఓరి ఏసుపాదం! బతికే ఉన్నావంట్రా!" బుల్లెమ్మగారు బోసినోటితో నవ్వింది. ఆ నవ్వులో నిజమైన ఆపేక్ష ఉంది. "ఈ మేడ కట్టేటప్పుడు ఈ గచ్చు పని. మా వాడు అప్పుడు ఇంతే ఉండేవాడు. మీ అమ్మ గట్టి మనిషిరా. మన మనిషే అబ్బాయ్ ఇతను."

"మన మనిషని నాకేం తెలుసు, నిన్న మాస్టారనుకుని దణ్ణాలు కూడా పెట్టేశాను" అన్నాడు సత్తిరాజు. ఆయనే ముందు నవ్వాడు. పాలేరు నవ్వాడు. ఏసుపాదం కూడా నవ్వాడు, తప్పు తనదే అన్నట్టు. రమేష్ బాబు నవ్వాలా వద్దా తెలియక గడియారం చూసుకున్నాడు.

ఇంతలో గేటు దగ్గర ఇంకో కారు ఆగింది. భీమవరం నుంచి ఎవరో దంపతులు. పాలేరు వచ్చి టేకు కుర్చీ ఎత్తి వాళ్ళకోసం వసారాలోకి పట్టుకుపోయాడు. అందులో ఎవరి దురుద్దేశమూ లేదు. ఖాళీగా ఉంది కనక తీశాడు.

"సమయానికి దొరికావు ఏసుపాదం. ఇటురా" అని సత్తిరాజు పడమటి మూలకి నడిచాడు. "షూటింగోళ్ళు ఇనప బండీ లాగి గచ్చు పగలగొట్టారు. ముగ్గురు మేస్త్రీల్ని పిలిచాను. సిమెంటు పెడితే వారంలో ఊడొచ్చేసింది. సున్నం కూడా తెప్పించి ఆర్నెల్ల నుంచి తొట్లో నానేయించాను, చేసేవాడు లేక అలాగే పడుంది. చూడు."

చాప తొలగిస్తే చేటంత మేర పెచ్చులూడిపోయి ఉంది. ఏసుపాదం లాల్చీ చేతులు పైకి మడుచుకుని గొంతుక్కూచున్నాడు. గోటితో పెచ్చు అంచు గీకాడు. చేతిలోకి తీసుకుని వాసన చూశాడు. తన మొహం తనకి కనపడిన మూల అది.

"అతుకు ఎయ్యచ్చండి" అన్నాడు.

"ఎయ్యి మరి. ఎంతలో పని? పొద్దు వాలేలోపు అయిపోద్ది."

"మా నాన్నకి డెబ్భై మూడేళ్ళండీ" అంది దేవకుమారి. గొంతు ఆమెకే కొత్తగా వినపడింది. "ఆయన పని మానేసి పదేళ్ళయింది. మేము సెలవుకి వచ్చామండి. ఇవాళ అంతర్వేది వెళ్ళాలి."

"వెళ్ళిరండమ్మా, ఎవరొద్దన్నారు? వచ్చేటప్పుడు ఎక్కించుకుపోదురుగాని. మా ఇంట్లో ఉంటే మీకు భయమేంటి?" సత్తిరాజు ఎంతో ఆదరంగానే అన్నాడు. ఆదరంగా అన్న మాటకి ఏమని ఎదురు చెప్పాలో ఇరవయ్యేళ్ళ పాఠాల్లో ఎక్కడా లేదు.

"ఎల్లండమ్మా" అన్నాడు ఏసుపాదం తలెత్తకుండా. "పాపకి సముద్రం చూపించండి."

రెబెక్కా స్తంభానికి ఆనుకుని అంతా చూసింది. తాతయ్య లేవడం, కండువా తియ్యడం, ఆ ముసలావిడ ఓరి అనడం, కుర్చీ వెళ్ళిపోవడం. తాతయ్య చెప్పింది నిజమేనని ఇప్పుడు ఖాయంగా తెలిసింది. కానీ పిల్ల మొహంలో నిన్న వెలిగిన వెలుగు తిరిగి రాలేదు. నాన్న చెయ్యి పట్టుకుని, "వెళ్దాం" అంది. వాళ్ళిద్దరూ అంతర్వేది వెళ్ళారు. దేవకుమారి వెళ్ళలేకపోయింది.

"మీరు కూచోండి టీచరుగారూ" అని సత్తిరాజు ప్లాస్టిక్ కుర్చీ వేయించాడు. ఆమె కూచోలేదు. స్తంభం పక్కన నిలబడింది.

ఏసుపాదం ముందు పాత పెచ్చులన్నీ ఉలితో అంచుల దాకా చెక్కి, మట్టి లేకుండా కొబ్బరిపీచుతో తుడిచి, నీళ్ళు చల్లాడు. పాలేరు తొట్లోంచి సున్నం తెచ్చాడు. ఏసుపాదం వేలితో తీసి పైకెత్తి చూశాడు. జారలేదు. సన్నికల్లు మీద ఇసకతో కలిపి నూరడం మొదలెట్టాడు. కరక్కాయలు లేవంటే బెల్లం నీళ్ళతో సరిపెట్టాడు. దేవకుమారి పక్కన గొంతుక్కూచుని సున్నంలో చెయ్యి పెట్టబోయింది. ఆయన మణికట్టుతో ఆమె చేతిని పక్కకి నెట్టాడు.

"వద్దు. చేతులు కాల్తాయి. నువ్వు చాక్‌పీసు పట్టుకునేదానివి."

"నీ చెయ్యి కాలదా?"

"నాదెప్పుడో కాలిపోయింది."

కొట్టడం మొదలుపెట్టాడు. చెక్కబల్ల దొరక్క పాత పీట ముక్క ఒకటి ఇచ్చారు. ఏడుగురి దెబ్బలు ఒక్కడే కొట్టాలి. పదికీ ఇరవైకీ ఒకసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నాడు. భీమవరం దంపతులు వచ్చి ఆయన వెనక నిలబడి దూలాలు చూసి వెళ్ళారు. మధ్యాహ్నం పెరటి వసారాలో ఆకు వేసి అన్నం పెట్టారు. దేవకుమారిని లోపల భోజనానికి పిలిచారు. ఆకలి లేదని చెప్పి ఆమె వసారా మెట్టు మీద కూచుంది. ఏసుపాదం కళ్ళు మూసుకుని ప్రార్థన చేసి కలుపుకున్నాడు. మజ్జిగ స్టీలు గ్లాసులో తెచ్చి అరుగు మీద పెట్టి పాలేరు వెనక్కి జరిగాడు.

"నన్ను క్షమించు నాన్నా" అంది దేవకుమారి.

"దేనికమ్మా?"

ఆమెకి ఏడుపొచ్చింది. ఏడ్చింది. ఆయన కుడిచెయ్యి అన్నంలో ఉంది, ఎడంచెయ్యి నిండా సున్నం. అందుకని మోచేత్తో ఆమె భుజాన్ని ఒకసారి తాకాడు. నిన్న ఆ కుర్చీలో అరగంట కూచున్న మనిషి ఎక్కడికి పోయాడో ఆమెకి తెలుసు. ఆ మనిషిని పంపేసింది తనే. ఆయన ఒక్క అబద్ధంతో సంపాదించుకున్నది తను నిజం చెప్పి పోగొట్టింది. ఈ ఇంట్లో ఆ రెండూ కలిపి దొరకవని ఆయనకి ముందే తెలుసు.

సాయంత్రం నాలుగింటికి పూత అయింది. గులకరాయితో రుద్దుతుంటే ఏసుపాదం మోకాలు పట్టేసి, గోడ పట్టుకుని లేచాడు. అతుకు ఎక్కడుందో వెతికితే గాని కనపడదు. సత్తిరాజు వంగి చూసి, "వారెవ్వా!" అన్నాడు. లోపల్నుంచి అరటిగెల తెప్పించాడు. "పిల్లకి పట్టుకెళ్ళు ఏసుపాదం." ఏసుపాదం వంగి అందుకున్నాడు. బకెట్టుతో నీళ్ళు తెచ్చుకుని తను తొక్కిన చోటంతా తనే కడిగి, వెనక్కి నడుస్తూ తుడుచుకుంటూ పెరటి గుమ్మంలోంచి బయటికి వెళ్ళాడు. చెప్పులు వీధి మెట్ల దగ్గరున్నాయి. ఇంటి చుట్టూ తిరిగొచ్చి వేసుకున్నాడు.

రమేష్ బాబు, రెబెక్కా ఆటోలో వచ్చి గేటు బయటే ఉన్నారు. పిల్ల గౌను అంచు ఉప్పునీళ్ళకి గట్టిపడింది. దిగి లోపలికి రాలేదు. అప్పటికి ఇంకెవరో వచ్చారు. వసారాలోంచి సత్తిరాజు గొంతు నిండుగా వినపడుతోంది. "మద్రాసు గచ్చండి. నలభయ్యారులో మద్రాసు నుంచి మేస్త్రీల్ని దింపించారు మా నాన్నగారు. ఆ మూల కాస్త దెబ్బతింటే ఇవాళే మన పాలెం మనిషి ఒకతను అతుకేశాడు." గేటు గడియ మీద దేవకుమారి చెయ్యి అలాగే ఉండిపోయింది. వెనక్కి తిరగాలనుకుంది. తిరిగి చెప్పడానికి ఏం మిగిలింది? చెప్పవలసిందంతా ఆయన విన్నాడు.

పంటు నిండా జనం, సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు. ఏసుపాదం అరటిగెల పక్కన బల్ల మీద కూచుని నది వంక చూస్తున్నాడు. వేళ్ళ సందుల్లో సున్నం తెల్లగా ఎండింది. లాల్చీ అంచుకి మరకలు. రెబెక్కా రెండు బారల దూరంలో అమ్మ పక్కన కూచుంది. ఎదురుగా ఒక నడివయసావిడ, చేతిలో పూలసజ్జ. పిల్లని చూసి ముచ్చటపడింది.

"ఏ ఊరమ్మా మీది? సెలవలకొచ్చారా?"

"రాజమండ్రండి."

"ఏమేం చూశావు?"

"సముద్రం చూశానండి. లైట్‌హౌసు చూశానండి. పొన్నలంక మేడ చూశానండి."

"ఆ సినిమా మేడా? మేమూ పోవాలి ఎల్లుండి. లోపల గచ్చు చాలా గొప్పగా ఉంటదంట గదా. ఎవరేశారంట?"

రెబెక్కా తాతయ్య వైపు చూడలేదు. గౌను అంచు ముడుచుకుంటూ, "మద్రాసు మేస్త్రీలండి" అంది. "ఇరవై మంది వచ్చారంటండి. వంటవాళ్ళతో సహా."

ఏసుపాదం విన్నాడు. నెమ్మదిగా రెండు చేతులూ కండువాలో చుట్టుకుని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"అంత దూరం నుంచే!" అని ఆవిడ ఆశ్చర్యపోయి దేవకుమారి వైపు తిరిగింది. "నిజమేనా అండీ?"

పిల్ల తల్లి మొహంలోకి చూసింది. చెప్పొద్దని అంతగా బతిమాలే కళ్ళు దేవకుమారి తన క్లాసులో కూడా ఎప్పుడూ చూడలేదు.

"నిజమేనండి" అంది దేవకుమారి.